వానలు పడకముందే గడ్డి సంగతి చూసుకోండి

జూన్‌లో మొదటి వానలు పడ్డాయంటే విశాఖ అపార్ట్‌మెంట్ల లాన్లలో తుంగ, గరిక, వయ్యారిభామ పోటీపడి లేస్తాయి. కమిటీవాళ్లు వెంటనే ఫోన్ చేస్తారు: "గడ్డి మందు కొట్టేయండి, ఒక్క రోజులో అయిపోతుంది." నేను మాత్రం ముందు కోతే అంటాను.

ముఖ్యంగా మధురవాడ, రుషికొండ వైపు కొండవాలు మీద ఉన్న తోటలకు. కోసిన గడ్డి వేళ్లు మట్టిని పట్టుకునే ఉంటాయి. మందు కొట్టిన చోట వేరు చచ్చి, మొదటి పెద్ద వానకే ఎర్రమట్టి గెడ్డలోకి, అంటే వాగులోకి, పోతుంది. మందు కూడా దాంతోపాటే.

ఇక గాలి. ఎండ ముదిరేసరికి సముద్రపు గాలి లేస్తుంది. ఒకసారి పదకొండు గంటలకు 2,4-డి అనే గడ్డి మందు కొట్టించాను. తప్పు నాదే. నాలుగు రోజులకు గోడ అవతలి బొప్పాయి చెట్టు లేత ఆకులు సన్నబడి, పిల్లిగోళ్లలా ముడుచుకుపోయాయి. "ఏటైంది బాబూ నా చెట్టుకి?" అని మామ్మగారు అడుగుతుంటే తలెత్తలేకపోయాను. అప్పటి నుంచి మందు తప్పనిసరైతే తెల్లవారే, ఆకు కదలనప్పుడే. మబ్బు పట్టినా వద్దు, వాన పడితే ఆకు మీది మందంతా కడుక్కుపోతుంది.

మందు తప్పనిసరయ్యేది ఎక్కువగా టైల్స్ సందుల్లోనూ, తుంగకూ. తుంగను ఎంత కోసినా కింద గడ్డ ఉంటుంది, మళ్లీ లేస్తుంది. వయ్యారిభామకు మందు అక్కర్లేదు. నేల తడిగా ఉన్నప్పుడు, పువ్వు రాకముందే వేరుతో పీకండి. గ్లౌజులు తప్పనిసరి, ఒట్టి చేత్తో పట్టుకుంటే కొందరికి ఒళ్లంతా దురద. గ్లైఫోసేట్ అనే గడ్డి మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని కేంద్రం 2022 అక్టోబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. కాబట్టి వాచ్‌మన్ చేతికి ట్యాంకు ఇవ్వకండి.

కోతకూ జాగ్రత్తలున్నాయి. గడ్డి కోసే బ్రష్ కట్టర్ తిరిగేటప్పుడు చుట్టూ 15 మీటర్లలో మనుషులు ఉండకూడదు, రాయి లేచి కంటికే తగలొచ్చు. పట్టుకున్నవాడికి కళ్లద్దాలు, బూట్లు ఉండాలి. పొదల్లో పాములుంటాయి, ముందు కర్రతో కదపండి. కట్టర్ నైలాన్ తీగ లేత మొక్క మొదలుకి తగిలితే బెరడు చుట్టూ ఊడిపోతుంది, ఆ మొక్క ఇక బతకదు. 2014 హుద్‌హుద్ తుఫానులో అన్ని చెట్లు పోగొట్టుకున్న ఊరు మనది. మొక్క చుట్టూ మూరెడు మేర చేత్తోనే తీయించండి.

చివరగా, ఈ రోజే స్టోర్ రూమ్ తెరిచి చూడండి. మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచారేమో. అది పారాక్వాట్ అనే గడ్డి మందు అయితే, పొరపాటున మింగినవాళ్లకు విరుగుడు లేదు.