ఇంట్లో కొట్లాటలు చూసే పిల్లాడు క్లాసులో తోటివాళ్లను కొడుతుంటే

"అల్లరోడు" అని ముద్ర వేసే ముందు ఒక వారం రాసి చూడండి. ప్రతి గొడవకూ టైము వేసి, దానికి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మీరేం చేశారు అన్న మూడు ముక్కలు చాలు. "పొద్దున్నుంచీ విసిగిస్తున్నాడు" అని రాస్తే పనికిరాదు. "10:40. వెనక బెంచీ దభీమని పడింది. ఉలిక్కిపడి పక్కవాడి వీపు మీద గుద్దాడు" అని రాస్తే కారణం కంటికి కనబడుతుంది.

ఇంట్లో రోజూ దెబ్బలాటలు చూసే పిల్లలు ఎప్పుడేం మీద పడుతుందోనని కాచుకునే ఉంటారు. పెద్ద గొంతు, వెనక నుంచి పడిన చెయ్యి చాలు, ఉలిక్కిపడి చెయ్యి చేసుకుంటారు. నిద్ర కూడా చెడుతుంది; 6–12 ఏళ్ల వయసులో 9 నుంచి 12 గంటలు కావాలి. అందుకే పాఠం మీద ధ్యాస నిలవదు, చూసేవాళ్లు ధ్యాస, కుదురు లేకుండా చేసే సమస్య అయిన ఏడీహెచ్‌డీ అనుకుంటారు. అందరూ కొట్టరు. కొందరు నోరు మెదపరు, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. మనం బుద్ధిమంతులని వదిలేసేది వీళ్లనే. పక్క తడుపుతుంటే ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగరు ఉన్నాయేమో డాక్టరుకు చూపించాలి.

కొట్టిన క్షణంలో భుజం పట్టి లాగకండి. పక్కకు వచ్చి, వాడి ఎత్తుకు కూర్చుని, గొంతు తగ్గించి "కొట్టడం కుదరదు, నా దగ్గర కూర్చో" అనండి. "ఎందుకు కొట్టావ్?" అని అప్పుడే నిలదీస్తే వాడి దగ్గర జవాబుండదు. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమనండి, ఐదుసార్లు. కుదుటపడ్డాక మాట్లాడి, పక్కవాడి పుస్తకం చించి ఉంటే దానికి వాడి చేతే అట్ట వేయించండి. బెత్తం వద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది. పైగా బలమున్నవాడు కొట్టొచ్చని వాడు ఇంట్లో నేర్చుకున్నదే బడిలోనూ నేర్పినట్టవుతుంది.

అందరూ పప్పులో కాలేసేది తండ్రిని పిలిచి ఫిర్యాదు చేసినప్పుడు. కొట్టేది ఆయనే అయితే, ఆ రాత్రి తల్లీబిడ్డలిద్దరికీ దెబ్బలు పడొచ్చు. తల్లితో ఒంటరిగా, ఎదురుగా మాట్లాడండి. ఆమె ఫోను ఆయన చేతిలో ఉండొచ్చు. పిల్లాడు తనంతట చెబితే వినండి, తవ్వి అడగకండి, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి.

సాయం కోసం ఫోను చెయ్యాలంటే తల్లికి మహిళా హెల్ప్‌లైన్ 181, పిల్లాడికి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, అప్పటికప్పుడు ప్రమాదముంటే 112. లైంగిక హింస జరిగిందనిపిస్తే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. నెల దాటినా భయం, కొట్టడం తగ్గకపోతే పిల్లల మానసిక వైద్యుణ్ని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే సలహా అడగొచ్చు. చచ్చిపోతానంటున్నా, తనను తాను గాయపరచుకుంటున్నా నెల ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్లండి.