మందిరంలో పాత కంప్యూటర్ – 3వ పాఠం: తీగ పీకడం, పెన్‌డ్రైవ్‌కు కాపలా

పోయిన పాఠంలో మీ మందిరం (చర్చి) కంప్యూటర్‌లో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాసుకున్నారు. విండోస్ 7, కీర్తనల ట్రాకులు వేసే పాత ప్రోగ్రాం, అది అడిగిందని పెట్టిన క్విక్‌టైమ్ (ఆపిల్ వాళ్ల వీడియో ప్లేయర్) అందులో ఉంటే ఈ పాఠం మీకే. మనలాంటి వాళ్లకు విండోస్ 7 సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. విండోస్‌లో నడిచే క్విక్‌టైమ్‌ను ఆపిల్ 2016లోనే వదిలేసింది.

"కొత్తది కొనెయ్యొచ్చుగా" అని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. కొనొచ్చు. కానీ ఆ ప్రోగ్రాం పాటల జాబితాలను తనకే అర్థమయ్యే ఫార్మాట్‌లో దాచుకుంది, ఎన్నో ఏళ్ల ఆదివారాల పని అందులోనే ఉంది. దాన్ని బయటికి తీయడం 4వ పాఠం. అప్పటిదాకా ఈ కంప్యూటర్‌ను టేప్‌రికార్డర్ అనుకుందాం. లోపలికి ట్రాక్ వెళ్తుంది, బయటికి శబ్దం వస్తుంది, ఇంకేమీ లేదు.

ముందు నెట్ సంగతి. 2017 మేలో వన్నాక్రై వైరస్, ఎవరూ దేన్నీ నొక్కకుండానే, నెట్‌వర్క్ మీదుగా ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. అది వాడుకున్న విండోస్ లోపాన్ని పూడ్చే అప్‌డేట్ (ప్యాచ్) మార్చిలోనే వచ్చినా, వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. ఇప్పుడు విండోస్ 7లో అలాంటి లోపం బయటపడితే ప్యాచ్ వస్తుందన్న నమ్మకం కూడా లేదు.

కాబట్టి నెట్ వచ్చే లాన్ తీగ పీకేయండి. వైఫై పాస్‌వర్డ్ తీసేస్తే చాలదు, ఎవరో ఒకరు మళ్లీ కొట్టేస్తారు. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి 'ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్' అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. కనిపించిన వైఫై గుర్తు మీద రైట్ క్లిక్ చేసి డిజేబుల్ కొట్టండి. తర్వాత వెనకాల యూఎస్‌బీ పోర్టులు చూడండి. ఛార్జింగ్‌కని ఎవరైనా ఫోన్ పెట్టి, అందులో టెదరింగ్ (ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చేది) ఆన్‌లో ఉంటే మీరు పీకిన నెట్ ఆ దారిన తిరిగొస్తుంది. పక్కన ఒక ఛార్జర్ పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది. లైవ్ ఇచ్చే ల్యాప్‌టాప్ వేరే ఉంటే దానికి మిక్సర్ నుంచి ఆడియో తీగ ఇవ్వండి. ఆ తీగలో శబ్దం తప్ప వైరస్ వెళ్లదు.

ఇక అసలు తలనొప్పి పెన్‌డ్రైవ్. మా దగ్గర ఒక క్రిస్మస్ ముందు రోజు రాత్రి, ఆరాధన మొదలవడానికి పది నిమిషాల ముందు, "బ్రదర్, ఈ ఒక్క ట్రాక్ వేయండి" అని ఒకబ్బాయి పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. తెరిస్తే ఫోల్డర్లన్నిటికీ మూలన చిన్న బాణం గుర్తు. సైజు 1 కేబీ. టెన్షన్‌లో నేను డబుల్ క్లిక్ చేశాను, పాటల ఫోల్డర్ మామూలుగానే తెరుచుకుంది. అదే ఆ పెన్‌డ్రైవ్‌లోని వైరస్ మాయ: అసలు ఫోల్డర్లను దాచేసి, వాటి పేరుతో షార్ట్‌కట్లు పెడుతుంది. నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, తర్వాత పాటలు చూపిస్తుంది. మరుసటి ఆదివారానికి సంఘంలో సగం పెన్‌డ్రైవ్‌లకు అదే బాణం.

అప్పటి నుంచి మా పద్ధతి ఇది. మందిరం కంప్యూటర్‌కు ఎర్ర టేపు చుట్టిన పెన్‌డ్రైవ్ ఒక్కటే పెడతాం. ఎవరి ట్రాక్ అయినా ముందు అప్‌డేట్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌కు వెళ్లాలి. అక్కడ డిఫెండర్‌తో (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) స్కాన్ చేసి, ఎంపీ3, వేవ్ ఫైళ్లను మాత్రమే ఎర్ర పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాం. బయటి వీడియోలు అసలు వద్దు. క్విక్‌టైమ్‌లో 2016లో బయటపడ్డ లోపాలకు చెడ్డ ఫైలు ఒకటి తెరిస్తే చాలు. పాస్టర్ గారి అబ్బాయి తెచ్చినా ఇదే రూలు. మొదట మొహమాటంగానే ఉంటుంది.

పాత కంప్యూటర్‌లో ఇంకో రెండు పనులు. కంట్రోల్ ప్యానెల్‌లో, పెన్‌డ్రైవ్ పెట్టగానే స్పందించే ఆటోప్లే టిక్ తీసేయండి. ఆదివారం వాడే అకౌంట్‌ను అడ్మినిస్ట్రేటర్ నుంచి స్టాండర్డ్‌కు మార్చండి. అయితే ముందు అడ్మినిస్ట్రేటర్‌గా ఇంకో అకౌంట్ పెట్టి, దాని పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉంచండి.

ఈ వారం అభ్యాసం: శనివారం రిహార్సల్‌లో, నెట్ లేకుండా, మూడు ట్రాకులు చివరిదాకా వేసి చూడండి. ప్రోగ్రాం లైసెన్స్ అడిగి మొరాయిస్తే కంగారుపడి తీగ మళ్లీ పెట్టకండి. ఆ మెసేజ్‌ను ఫోన్‌లో ఫోటో తీసుకోండి, 4వ పాఠం దానితోనే మొదలవుతుంది. ఆ ఒక్క ఆదివారానికి ట్రాకుల బదులు కీబోర్డు వాయించే బ్రదర్‌ను కాస్త ముందే మాట్లాడి పెట్టుకోండి.