సీమ దారుల్లో మన్నే మౌంటెన్ బైక్ చక్రాలను ఎంచుకోవడం ఎలా

అనంతపురం చుట్టుపక్కల తారు రోడ్డు దిగి బండి బాట పట్టిన మౌంటెన్ బైక్‌లో ముందుగా దెబ్బతినేది సాధారణంగా వెనుక చక్రమే. మనిషి బరువులో ఎక్కువ పాలు దాని మీదే పడుతుంది, గొలుసు లాగే బలాన్ని నేలకు అందించేదీ అదే, పైగా ముందు చక్రాన్ని ఎత్తి రాయి దాటించగలిగినా వెనుకది ఆ రాయికి తగలక మానదు. గుత్తి కోట కింది గుండ్లలోనైనా, గండికోట దగ్గరి ఎర్రరాతి అంచుల మీదనైనా, ఓర్వకల్లు పరిసరాల రాతినేల మీదనైనా ఈ మాట మారదు. కాబట్టి రెండు చక్రాలకూ సరిపడా డబ్బు లేనప్పుడు వెనుక చక్రానికే ముందు ఖర్చు పెట్టాలని నా సలహా.

నేను ఒకప్పుడు బరువు తక్కువగా ఉంటుందన్న ఒక్క కారణంతో ఒక చక్రాల జతను తెప్పించుకున్నాను. బుక్కరాయసముద్రం చెరువు దాటి రాళ్ళ బాటలో తిరిగిన రెండు నెలల్లోనే వెనుక చక్రంలో స్పోకు తెగింది. తల దగ్గర వంపు లేకుండా నిటారుగా ఉండే ఆ రకం స్పోకు అనంతపురంలో ఏ దుకాణంలోనూ దొరకలేదు. బెంగళూరు నుంచి అది వచ్చేసరికి ఐదు వారాలు పట్టింది, ఆ ఐదు వారాలూ సైకిల్ గోడకే ఆనుకుని ఉంది. మన్నిక అంటే విరగకపోవడం మాత్రమే కాదనీ, విరిగిన నాడు మన ఊళ్ళోనే బాగుచేయించుకోగలగడం కూడా అందులో భాగమేననీ అప్పుడు అర్థమైంది. ఈ వ్యాసంలో ఇచ్చే సూచనలన్నీ ఆ దృష్టితోనే రాస్తున్నాను.

చక్రాన్ని మార్చాలా, బాగుచేయిస్తే సరిపోతుందా అన్నది ముందు తేల్చుకోవాలి. సైకిల్‌ను తలకిందులుగా నిలిపి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ, బ్రేకు ప్యాడు దగ్గర గానీ ఫ్రేముకు కట్టిన చిన్న పుల్ల దగ్గర గానీ రిమ్ము ఎంత ఊగుతోందో చూడండి. రెండు మూడు మిల్లీమీటర్ల పక్క ఊపు బెండు తీయిస్తే పోతుంది. అయితే ఊపు ఉన్న చోట ఒక పక్క స్పోకులు పూర్తిగా వదులై, ఎదుటి పక్కవి ఇక తిరగనంతగా బిగిసినా చక్రం నిటారుకు రావడం లేదంటే రిమ్ము లోహమే వంగిందని అర్థం; అటువంటి రిమ్మును బలవంతంగా నిలబెట్టినా అది ఎంతో కాలం నిలవదు. స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టు, అంటే నిప్పుల్, కూర్చునే రంధ్రాల చుట్టూ సన్నని పగుళ్ళు ఉన్నా, టైరు పట్టు వదిలేంత సొట్ట అంచులో పడినా, రిమ్మును రెండు వైపులా నొక్కి ఆపే వి-బ్రేకు సైకిళ్ళలో ప్యాడు రాసుకునే గోడ అరిగి గుంట తేలినా ఆ రిమ్మును ఇక నమ్మకూడదు. వరుసగా మూడు నాలుగు స్పోకులు తల దగ్గరే తెగుతూ ఉంటే మాత్రం రిమ్ము, హబ్బు (చక్రం నడుమ ఇరుసు చుట్టూ తిరిగే భాగం) బాగున్నంత వరకు చక్రాన్ని మార్చనవసరం లేదు, మిగిలిన స్పోకులు కూడా అదే విధంగా అలసిపోయి ఉంటాయి కాబట్టి మొత్తం స్పోకులను మార్పించడమే తెలివైన పని.

కొత్త చక్రమే కావాలని తేలితే, కొనేముందు నాలుగు కొలతలు కాగితం మీద రాసుకోవాలి. మొదటిది టైరు కూర్చునే వ్యాసం. అంగుళాలలో చెప్పే పేర్లు ఇక్కడ మోసం చేస్తాయి, ఎందుకంటే 26 అనే పేరుతోనే ఒకదానికొకటి సరిపడని కొలతలు చాలా ఉన్నాయి. మౌంటెన్ బైక్ 26 అంగుళాల రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు, మామూలు సైకిళ్ళకు వచ్చే 26 × 1 3/8 టైరుది 590. అలాగే 27.5 అంటే 584, 29 అంటే 622. మన పాత పెద్ద సైకిళ్ళకు వాడే 28 × 1 1/2 టైరుది 635. టైరు పక్కగోడ మీద 54-584 వంటి జంట అంకెలు అచ్చువేసి ఉంటాయి. అందులో మొదటి అంకె టైరు వెడల్పు, రెండవది ఈ వ్యాసం. దుకాణంలో ఆ రెండవ అంకెనే అడగండి.

రెండవది ఇరుసు. ఫ్రేములో ఇరుసు కూర్చునే చీలికల మధ్య లోపలి దూరాన్ని స్కేలుతో కొలవండి. పాత, మధ్యరకం మౌంటెన్ బైకులలో ముందు 100, వెనుక 135 మిల్లీమీటర్లు ఉంటుంది, ఇరుసును నట్లతో గానీ, చేత్తో తిప్పి బిగించే లివరున్న క్విక్ రిలీజ్‌తో గానీ బిగిస్తారు. చీలికలకు బదులు గుండ్రని రంధ్రాలు ఉండి, లావైన ఇరుసు వాటి గుండా దూరి స్క్రూలాగా బిగుసుకుంటే అది త్రూ ఆక్సిల్. అందులో ముందు 100 × 15, వెనుక 142 × 12 ఒక జత. బూస్ట్ అని పిలిచే 110 × 15, 148 × 12 మరో జత. ఒక జతకు చేసిన చక్రం మరో జతలో సరిగా కూర్చోదు. చివరి మూతలు మార్చి 135 క్విక్ రిలీజ్‌కూ 142 త్రూ ఆక్సిల్‌కూ వాడుకోగల హబ్బులు ఉన్నాయి. రేపు ఫ్రేము మార్చే ఆలోచన ఉన్నవారు అటువంటిది ఎంచుకుంటే చక్రం వృథా కాదు.

మూడవది బ్రేకు. డిస్క్‌ను ఆరు బోల్టులతో బిగించే హబ్బును ఎంచుకోండి, ఎందుకంటే బోల్టు ఊడితే టి-25 అనే నక్షత్రపు మొన కీతో రోడ్డు పక్కనే బిగించుకోవచ్చు. డిస్క్‌ను నడుమ ఒకే రింగుతో బిగించే సెంటర్‌లాక్ హబ్బుకు ఆరు బోల్టుల డిస్క్‌ను బిగించే అడాప్టర్ దొరుకుతుంది కానీ, ఆరు బోల్టుల హబ్బుకు సెంటర్‌లాక్ డిస్క్ పట్టదు. వి-బ్రేకు సైకిల్‌కు ప్యాడు రాసుకోవడానికి చదునైన గోడ ఉన్న రిమ్మే కావాలి. డిస్క్ కోసమే చేసిన రిమ్ముకు ఆ గోడ ఉండదు.

నాలుగవది వెనుక పళ్ళచక్రాల సంగతి, దీని దగ్గర కాస్త నిలవాలి. చవక సైకిళ్ళలో ఫ్రీవీల్ మొత్తాన్ని హబ్బు మీది మరలకు తిప్పి బిగిస్తారు. అందువల్ల కుడివైపు బేరింగు హబ్బు లోపలికి జరిగి, ఇరుసు కుడి కొన చాలా దూరం ఆధారం లేకుండా ఉండిపోతుంది, గుంటలో గట్టిగా పడినప్పుడు అక్కడే వంగుతుంది. పళ్ళచక్రాల కట్టను మాత్రమే గాడుల మీదకు జారించి ఎక్కించే క్యాసెట్ రకంలో, రాచెట్ (ఒకే దిశలో పట్టే అమరిక) ఉండే ఫ్రీహబ్ హబ్బులో భాగం కావడం వల్ల కుడి బేరింగు ఫ్రేముకు దగ్గరగా ఉంటుంది, ఇరుసు నిలుస్తుంది. మీది 7 గేర్ల ఫ్రీవీల్ సైకిల్ అయినా కొత్త చక్రాన్ని 8, 9, 10 గేర్లకు పనికివచ్చే ఫ్రీహబ్‌తో కొనండి. దాని మీద 4.5 మిల్లీమీటర్ల స్పేసర్ వేసి 7 గేర్ల క్యాసెట్ ఎక్కిస్తే పాత గేరు లివరే పనిచేస్తుంది. 12 గేర్లవారు, ఫ్రీహబ్ గాడులు పలు రకాలుగా ఉంటాయి కాబట్టి, తమ క్యాసెట్ మామూలు షిమానో హెచ్‌జీ గాడులకు సరిపడేదా, మైక్రో స్ప్లైన్ రకమా, స్రామ్ ఎక్స్‌డీ రకమా అని చూసుకున్నాకే డబ్బు కట్టాలి.

ఇక రిమ్ము. డబుల్ వాల్ అల్యూమినియం రిమ్ము కంటే తక్కువది మన దారులకు వద్దు. ట్యూబు, రిమ్ము టేపు తీసి చూస్తే, డబుల్ వాల్ రిమ్ములో నిప్పుల్ తల పై పొర రంధ్రంలో నుంచి లోతుగా, కింది పొర మీద కూర్చుని కనిపిస్తుంది. సింగిల్ వాల్‌లో అది ట్యూబుకు దాదాపు తగులుతూ ఉంటుంది. లోపలి వెడల్పు 25 మిల్లీమీటర్లు ఉంటే 2.1 నుంచి 2.4 అంగుళాల టైర్లు చక్కగా నిలుస్తాయి, 30 ఉంటే 2.3 నుంచి 2.6 వరకు. వెడల్పు టైరు మెత్తగా ఉండి రిమ్మును కాపాడుతుందన్నది నిజమే, కానీ కర్నూలు వైపు నల్లరేగడిలో వాన తర్వాత తిరిగేవారు టైరుకూ ఫ్రేముకూ మధ్య వేలు దూరేంత ఖాళీ మిగిలేలా చూసుకోవాలి, లేకపోతే బంకమట్టి అక్కడ గడ్డకట్టి చక్రాన్ని కదలనివ్వదు. కార్బన్ రిమ్ములు గట్టివే అయినా, రాతి దెబ్బకు పగిలితే వాటిని బాగుచేసేవారు దగ్గరలో లేరు కాబట్టి నేను వాటిని సిఫారసు చేయను.

చక్రం మన్నికలో సగానికి పైగా స్పోకుల మీదే ఆధారపడి ఉంటుంది, అయినా కొనేవారు అన్నిటికంటే తక్కువగా పట్టించుకునేది వాటినే. 29 అంగుళాల చక్రం చుట్టుకొలత దాదాపు 2.3 మీటర్లు, అంటే కిలోమీటరుకు అది సుమారు 435 సార్లు తిరుగుతుంది. నేలకు తగిలే చోట ఉన్న స్పోకులు తిరిగిన ప్రతిసారీ కాస్త వదులై మళ్ళీ బిగుసుకుంటాయి. ఒక తీగను పదే పదే వంచితే తెగినట్టే, ఈ వదులు, బిగువుల మధ్య ఊగిసలాట ఎక్కువైన కొద్దీ స్పోకు తల వంపు దగ్గర అలసి తెగుతుంది. అందువల్ల వదులుగా ఉన్న స్పోకు, బిగువైన స్పోకు కంటే ముందు తెగుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా నమ్ముతారు, దుకాణాలలో కూడా "వదులుగా ఉంచితే తెగవు" అని చెప్పడం విన్నాను. ఆ మాట నమ్మవద్దు. మంచి చక్రంలో వెనుక కుడివైపు స్పోకుల బిగువు 100 నుంచి 120 కిలోల దాకా ఉంటుంది. క్యాసెట్‌కు చోటు ఇవ్వడం కోసం రిమ్ము కుడివైపుకు జరిగి ఉంటుంది కాబట్టి ఎడమవైపువి సహజంగానే దానికంటే తక్కువ బిగువుతో ఉంటాయి.

స్పోకులు స్టెయిన్‌లెస్ స్టీలువై ఉండాలి, నిప్పుళ్ళు ఇత్తడివై ఉండాలి. అల్యూమినియం నిప్పుల్ కొన్నేళ్ళకు తుప్పుతో పట్టేసి, బెండు తీయబోతే గుండ్రబడిపోతుంది. సంఖ్య 32 చాలు. సామానుతో కలిసి 90 కిలోలు దాటేవారికి వెనుక 36 మేలు. రెండు కొనలలో 2.0 మిల్లీమీటర్లు, నడుమ 1.8 ఉండే బటెడ్ స్పోకులు దొరికితే కాస్త ఎక్కువైనా పెట్టండి. నడుమ సన్నగా ఉన్నది బలహీనమని అనిపిస్తుంది కానీ, ఆ భాగమే రబ్బరులా కొద్దిగా సాగి దెబ్బను తీసుకుని, తల వంపు మీద భారం పడనివ్వదు. అవి దొరకకపోతే 14 గేజు సాదా స్పోకులు నిశ్చింతగా వాడవచ్చు, పైగా ఆ రకం ఏ ఊరిలోనైనా దొరుకుతుంది.

హబ్బులో, ఇరుసు మీది కోను చుట్టూ విడి బాల్స్ తిరిగే రకం ఒకటి, మూసి ఉన్న కార్ట్రిజ్ బేరింగుల రకం మరొకటి. మొదటి దానికి గ్రీజు పెట్టడం ప్రతి మెకానిక్కుకూ తెలుసు, అయితే ఎర్రమట్టి ధూళి లోపలికి పోతే కోను మీద గుంటలు పడతాయి. రెండవ దానిలో అరిగిన బేరింగును తీసి కొత్తది వేస్తే పని పూర్తవుతుంది. వాటి మీద 6001, 6902 వంటి అంకెలు, రబ్బరు మూత ఉంటే 2ఆర్ఎస్ అన్న గుర్తు ఉంటాయి. ఇవి సైకిల్‌కు ప్రత్యేకమైనవి కావు, మోటార్లకు బేరింగులు అమ్మే దుకాణంలో అంకె చెప్పి అడగవచ్చు. కాబట్టి మామూలు అంకెల బేరింగులున్న హబ్బు దొరికితే అదే నా ఎంపిక. ఏ రకమైనా సరే, మోటార్ సైకిళ్ళకు చేసే వాటర్ సర్వీసింగ్ పైపును హబ్బు మీదకు పట్టనివ్వకండి. ఆ నీటి ఒత్తిడి రబ్బరు మూతను దాటి గ్రీజును కడిగేస్తుంది.

సీమలో చక్రాన్ని ఎంచుకునేటప్పుడు ముళ్ళను మరచిపోకూడదు. పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు లేని బాట మాకు లేదు. అందుకే రిమ్ము ట్యూబ్‌లెస్‌కు తగినదై ఉండాలి: గాలి చొరబడని టేపు వేసి, వాల్వు బిగించి, 29 × 2.3 టైరులో సుమారు 100 మిల్లీలీటర్ల సీలెంటు పోస్తే పల్లేరుకాయ చేసే చిన్న రంధ్రాలు వాటంతట అవే పూడుకుంటాయి. ఎండకాలంలో సీలెంటు త్వరగా ఎండిపోతుంది కాబట్టి రెండు నెలలకోసారి చూసి పోసుకోవాలి. ట్యూబుతోనే నడిపేవారు వాల్వు రంధ్రం చూసుకోవాలి. మోటార్ సైకిల్ తరహా ష్రాడర్ వాల్వుకు 8.5 మిల్లీమీటర్లు, సన్నని ప్రెస్టా వాల్వుకు 6.5 కావాలి. ష్రాడర్ అయితే పల్లెలోని పంచరు దుకాణంలో కూడా గాలి పట్టించుకోవచ్చు. ఒకే వైపు స్పోకుల బిగువు ఎంత సమానంగా ఉన్నా, గాలి తక్కువైన టైరు రాయికి తగిలితే రిమ్ము సొట్టపోక తప్పదు. 70 కిలోల మనిషి 2.2 అంగుళాల టైరులో, ట్యూబుతో అయితే 30 నుంచి 35 పీఎస్ఐ ఉంచడం మంచిది.

చక్రం చేతికి వచ్చాక డబ్బు ఇచ్చే ముందే పరీక్షించండి. ఇరుసును వేళ్ళతో తిప్పితే గరగరలాడకుండా తిరగాలి, పక్కలకు ఊపితే కదలిక ఉండకూడదు. ఒకే వైపు స్పోకులను ఒక్కొక్కటిగా వేలితో మీటండి. వీణ తీగను మీటినట్టు అన్నీ దాదాపు ఒకే స్వరం పలకాలి. ఒకటి బొంగురుగా, పక్కది కీచుగా పలికితే చక్రం కంటికి నిటారుగా కనిపించినా అది నిలవదు, మళ్ళీ సరిచేయించమని మర్యాదగానే పట్టుబట్టండి. జంట స్పోకులను అరచేతులతో గట్టిగా ఒకదానివైపు ఒకటి నొక్కుతూ చక్రమంతా తిరిగి, ఆ తర్వాత మరోసారి బెండు తీయమని మెకానిక్కును అడగండి. స్పోకు తల హబ్బులో సరిగా కూర్చోవడానికి ఇది అవసరం, అయితే తొందరలో ఈ పనిని వదిలేసేవారే ఎక్కువ.

మొదటి 150 కిలోమీటర్ల తర్వాత స్పోకులను మళ్ళీ మీటి చూసి, వదులైనవాటిని బిగింపించాలి. అదే రోజు మెకానిక్కు దగ్గరే స్పోకుల పొడవు కొలిపించుకోండి. వెనుక చక్రంలో కుడి, ఎడమ స్పోకుల మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉంటుంది, తప్పు పొడవుది వేస్తే నిప్పుల్ మర పట్టదు. ఒక్కో పొడవుకు రెండేసి స్పోకులను, నిప్పుళ్ళతో సహా, ఫ్రేము గొట్టానికి టేపుతో చుట్టి, ఆ పొడవులనూ బేరింగు అంకెనూ చిన్న కాగితం మీద రాసి సీటు కింది సంచిలో స్పోకు కీ పక్కన ఉంచండి.