రెండు గ్రాఫిక్స్ కార్డులున్నా గేమ్ ఆగి ఆగి నడిచేది

నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ రెండు: ప్రాసెసర్‌లోనే ఉండే చిన్నది, విడిగా 4 జీబీ మెమరీ ఉన్న పెద్దది. అయినా గేమ్ 18 ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద వచ్చే ఫ్రేములు) దాటేది కాదు. డ్రైవర్లు మళ్లీ వేశాను, రిజల్యూషన్ తగ్గించాను, లాభం లేదు. గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిస్తే అసలు సంగతి బయటపడింది. జీపీయూ 0 (చిన్న గ్రాఫిక్స్) గీత పైఅంచును తాకుతోంది, జీపీయూ 1 (పెద్దది) గీత అడుగునే అతుక్కుపోయి ఉంది. పనంతా చిన్నదాని నెత్తినే పడిందన్నమాట.

విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కి వెళ్లి గేమ్‌ని చేర్చి హై పెర్ఫార్మెన్స్ పెట్టాను. అయినా మారలేదు! చూస్తే నేను చేర్చింది లాంచర్‌ని, అంటే గేమ్‌ని తెరిచే వేరే ప్రోగ్రామ్‌ని. గేమ్ ఫోల్డర్ లోపల గేమ్‌ని నడిపే అసలు ఈఎక్స్‌ఈ ఫైల్ వెతికి చేర్చి, గేమ్ మూసి తెరిచాక 55 ఎఫ్‌పీఎస్ వచ్చింది. ఆడేటప్పుడు ఛార్జర్ మాత్రం పెట్టే ఉంచండి, బ్యాటరీ మీద పెద్ద కార్డు పూర్తి వేగంతో పనిచేయదు.