స్పానిష్‌లో ‘ఎక్కడ ఉంది’ అని చెప్పడంలో వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

సమస్య: ‘మద్రిద్ ఎస్ ఎన్ ఎస్పాఞా’ (మద్రిద్ స్పెయిన్‌లో ఉంది) అని రాస్తే తప్పు అంటున్నారు

కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. స్పానిష్‌లో ‘ఉండు’ అనే అర్థానికి ‘సేర్’, ‘ఎస్తార్’ అని రెండు క్రియలున్నాయి. శాశ్వతమైన వాటికి ‘సేర్’, తాత్కాలికమైన వాటికి ‘ఎస్తార్’ అనే సూత్రాన్ని మొదటి వారంలోనే బట్టీ పట్టిస్తారు. మద్రిద్ నగరం ఎక్కడికీ కదలదు కనుక ‘సేర్’ రూపమైన ‘ఎస్’ వాడాలని విద్యార్థి న్యాయంగానే అనుకుంటాడు. స్థానం చెప్పే చోట ఈ సూత్రం పనికిరాదు, దాన్ని పూర్తిగా పక్కన పెట్టడమే మంచిది.

పరిష్కారం: వస్తువు, మనిషి, భవనం, ఊరు ఎక్కడ ఉన్నా, ఎంతకాలంగా ఉన్నా ‘ఎస్తార్’ (ఏకవచనంలో ‘ఎస్తా’) మాత్రమే వాడాలి. 1819లో ప్రారంభమైన ప్రాదో మ్యూజియం గురించి ‘ఎల్ ప్రాదో ఎస్తా ఎన్ మద్రిద్’ అంటారు. అయిదు నిమిషాల క్రితం బల్ల మీద పెట్టిన పుస్తకానికీ అదే క్రియ: ‘ఎల్ లీబ్రో ఎస్తా ఎన్ లా మేసా’. టాక్సీ దిగవలసిన చోటు రాగానే ‘ఎస్ అకీ’ (ఇక్కడే) అనడం వినిపిస్తుంది కదా అని సందేహం రావచ్చు. అక్కడ చెబుతున్నది ఒక వస్తువు ఎక్కడుందో కాదు, ‘మనం రావలసిన చోటు ఇదే’ అని.

సమస్య: ‘ఎస్తార్’ అలవాటయ్యాక ‘లా ఫియెస్తా ఎస్తా ఎన్ మి కాసా’ (విందు మా ఇంట్లో) కూడా తప్పయింది

కారణం: విందు వస్తువు కాదు, సంఘటన. సంఘటన ఎక్కడ జరుగుతుందో చెప్పడానికి స్పానిష్ ‘సేర్’నే వాడుతుంది కనుక ‘లా ఫియెస్తా ఎస్ ఎన్ మి కాసా’ అనాలి.

పరిష్కారం మన భాషలోనే ఉంది. వాక్యాన్ని తెలుగులో అనుకొని, ‘ఉంది’ స్థానంలో ‘జరుగుతుంది’ పెట్టి చూడండి. అర్థం చెడకపోతే ‘సేర్’, చెడితే ‘ఎస్తార్’. స్పెయిన్‌లోని పాంప్లోనా నగరం గురించి ‘పాంప్లోనా నవార్రాలో జరుగుతుంది’ అనలేము, కాబట్టి ‘పాంప్లోనా ఎస్తా ఎన్ నవార్రా’. ఏటా జులై 6 నుంచి 14 వరకు సాగే అక్కడి ఉత్సవాలు మాత్రం జరుగుతాయి, కాబట్టి ‘లోస్ సాన్‌ఫెర్మీనెస్ సోన్ ఎన్ పాంప్లోనా’ (‘సోన్’ అంటే ‘ఎస్’కు బహువచనం).

ఒకే మాట రెండు విధాలుగానూ రావచ్చు. ‘ఎల్ ఎక్సామెన్ ఎస్ ఎన్ లా బిబ్లియోతేకా’ అంటే పరీక్ష గ్రంథాలయంలో జరుగుతుందని అర్థం. ‘ఎస్’ తీసి ‘ఎస్తా’ పెడితే, ప్రశ్నపత్రం గ్రంథాలయంలో ఉందని అర్థం వస్తుంది. క్రియ ఒక్కటి మారితే పరీక్ష కాస్తా కాగితమైపోతుంది. ఈ జంటను గుర్తుంచుకుంటే తక్కిన ఉదాహరణలన్నీ దాని వెంటే వస్తాయి.

సమస్య: ‘ఎస్తా’, ‘ఆయ్’లలో ఏది వాడాలో తెలియడం లేదు

రెండింటికీ తెలుగులో ‘ఉంది’ అనే అనడం వల్ల ఈ తికమక వస్తుంది. అయితే ఆ తేడాను మనం పదాల వరుసతో రోజూ చెబుతూనే ఉన్నాం. ‘వంటగదిలో పిల్లి ఉంది’ అంటే ఏదో ఒక పిల్లి ఉన్న సంగతి ఇప్పుడే తెలుస్తోంది: ‘ఆయ్ ఉన్ గాతో ఎన్ లా కొసీనా’. ‘పిల్లి వంటగదిలో ఉంది’ అంటే మనకు తెలిసిన పిల్లే: ‘ఎల్ గాతో ఎస్తా ఎన్ లా కొసీనా’. అందుకే ‘ఆయ్’ తరువాత ‘ఉన్’, ‘ఊనా’ (ఒక), అంకెలు, ‘ముచోస్’ (చాలా) వంటివి వస్తాయి గాని తెలిసినదాన్ని సూచించే ‘ఎల్’, ‘లా’, ‘మి’ (నా) సాధారణంగా రావు. తెలియని వీధిలో మందుల దుకాణం కోసం ‘ఆయ్ ఊనా ఫార్మాసియా పోర్ అకీ?’ అని అడగాలి. ఉన్నవి ఎన్నయినా ‘ఆయ్’ మారదు. భూతకాలంలో బహువచనానికి ‘అబీయాన్’ అనేవారు చాలామందే ఉన్నా, జాగ్రత్తగా రాసేటప్పుడు ఏకవచన రూపమైన ‘అబీయా’ అనే రాయాలి.

సమస్య: క్రియ సరైనదే, అయినా వాక్యం కుదరడం లేదు

విభక్తి స్థానంలో వచ్చే చిన్న మాటలను చూడండి. దూరం చెప్పేటప్పుడు ‘ఆ’ వదిలేయకూడదు: ‘ఎస్తా ఆ దోస్ కిలోమెత్రోస్ దె అకీ’ (ఇక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది). ‘దె’, ‘ఎల్’ పక్కపక్కన వస్తే కలిసి ‘దెల్’ అవుతాయి: ‘సెర్కా దెల్ బాంకో’ (బ్యాంకు దగ్గర). ‘ఎన్’ మన ‘లో’, ‘మీద’ రెండింటికీ సరిపోతుంది కనుక, పెట్టె లోపలా పైనా అన్నది తేల్చి చెప్పవలసి వస్తే లోపలికి ‘దెంత్రో దె’, పైకి ‘ఎన్‌సీమా దె’ వాడండి.