గుంటూరు నుంచి సూపర్ కంప్యూటర్ ఖాతాకు దరఖాస్తు: కోర్ అవర్ల లెక్క దగ్గరే అంతా ఉంది

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పీహెచ్‌డీ చేస్తున్న వాళ్లలో ఎవరిని కదిపినా ఒకటే మాట, "సూపర్ కంప్యూటర్లు ఐఐటీ వాళ్లకి కదండీ, మనకెవరిస్తారు" అని. ఇస్తారు. 2015లో మొదలైన నేషనల్ సూపర్ కంప్యూటింగ్ మిషన్ ఉద్దేశమే దేశంలోని విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు ఇలాంటి యంత్రాలను అందుబాటులోకి తేవడం. మనకు దగ్గర్లో ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ ఉంది, బెంగళూరు ఐఐఎస్సీలో పరమ్ ప్రవేగ ఉంది, పుణెలోని కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ సీడాక్‌లో అయితే జాతీయ పరమ్ కేంద్రం ఎప్పటినుంచో నడుస్తోంది. ఏ కేంద్రానికి ఆ కేంద్రం ఫారం, రేట్లు, బయటివాళ్లకు పెట్టిన షరతులు వేరుగా ఉంటాయి కాబట్టి ముందు వాళ్ల వెబ్‌సైట్‌లో యూజర్ పాలసీ మొత్తం చదవండి. ఫారంలో ఏం రాయాలో అది చదివితేనే తెలుస్తుంది.

దరఖాస్తు పెట్టే ముందు ఒక్కటి తేల్చుకోవాలి, మీ పనికి నిజంగా క్లస్టర్, అంటే చాలా కంప్యూటర్లను కలిపి కట్టిన ఇలాంటి యంత్రం, కావాలా? మీ ప్రోగ్రామ్ ఒకే కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక భాగం) మీద నడిచేదైతే దాన్ని అక్కడికి తీసుకెళ్లినా వేగం పెరగదు, ఒక్కోసారి మీ లాప్‌టాప్ కన్నా నెమ్మదిగా కూడా నడుస్తుంది, ఎందుకంటే క్లస్టర్ బలం ఒక్కో కోర్ వేగంలో లేదు, వేల కోర్లు ఒకేసారి పనిచేయడంలో ఉంది. మిరప ఆకుల ఫొటోలు చూసి తెగులు గుర్తుపట్టే మోడల్ లాంటివి చేసేవాళ్లకు జీపీయూలు (ఒకేసారి వేల చిన్న లెక్కలు చేసే ప్రాసెసర్లు) కావాలి. వాళ్లు 2024 మార్చిలో కేబినెట్ ఆమోదించిన ఇండియా ఏఐ మిషన్ కంప్యూట్ పోర్టల్ వైపు చూడటం మంచిది, అర్హత ఉన్నవాళ్లకు అక్కడ ఖర్చులో 40 శాతం వరకు రాయితీ ఉంది. ఇక్కడ నేను చెప్పేది సిమ్యులేషన్లు, జీనోమ్ అసెంబ్లీ (డీఎన్ఏ ముక్కలను కలిపి పూర్తి జన్యుక్రమం కూర్చడం), వాతావరణ మోడళ్లు లాంటి పెద్ద లెక్కలు చేసేవాళ్ల గురించి.

దరఖాస్తు సాధారణంగా మీ పేరు మీద కాకుండా మీ గైడ్ పేరు మీద వెళుతుంది. ఆ గైడ్ రెగ్యులర్ ఫ్యాకల్టీ అయి ఉండాలి, మీరు ఆ ప్రాజెక్టు కింద యూజర్‌గా చేరతారు. ఫారం, రెండు మూడు పేజీల ప్రపోజల్, గుర్తింపు కార్డు, సంస్థ అధిపతి సంతకం, సీలు. సంతకాల పని చివరికి పెట్టుకోకండి. గైడ్ నుంచి హెచ్‌ఓడీ, అక్కడి నుంచి ప్రిన్సిపాల్ లేదా రిజిస్ట్రార్, మధ్యలో ఒకరు సెలవు పెడితే వారం పోతుంది. ప్రపోజల్ రాస్తూనే ఫారం ముందు పేజీలను సంతకాల కోసం తిప్పడం మొదలుపెట్టండి. యూనివర్సిటీ ఈమెయిల్ లేకపోతే అదీ ఇప్పుడే తీసుకోండి, జీమెయిల్‌తో పంపితే చాలా చోట్ల తిప్పి పంపుతారు.

ఇక అసలు విషయం. ప్రపోజల్‌లో సైన్స్ అందరూ బాగానే రాస్తారు, ఎన్ని కోర్ అవర్లు కావాలి అన్న దగ్గరే తడబడతారు. నా మొదటి దరఖాస్తులో "మా పనికి భారీగా కంప్యూటింగ్ అవసరం" అని రాసి పంపాను, ఒక కేంద్రం నుంచి లెక్క ఏదని అడుగుతూ వెనక్కి వచ్చింది, దాంతో రెండు నెలలు పోయాయి. ఒక కోర్ ఒక గంట పనిచేస్తే ఒక కోర్ అవర్, అంతే. మన జిల్లా రైతులకు బాగా తెలిసిన మిరప జెమిని వైరస్సే ఉదాహరణగా తీసుకుందాం, తెల్లదోమ మోసుకొచ్చేది. ఆ వైరస్ ప్రొటీన్లు నాలుగు తీసుకుని, అణువుల కదలికలను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ గ్రోమాక్స్‌లో ఒక్కోదాన్ని 100 నానోసెకన్ల చొప్పున మూడేసి సార్లు నడపాలనుకుందాం. అంటే 12 రన్‌లు. 48 కోర్లున్న ఒక నోడ్ (క్లస్టర్‌లోని ఒక కంప్యూటర్) మీద మీ సిస్టమ్, అంటే మీరు నడిపే ప్రొటీన్ మోడల్, రోజుకు 25 నానోసెకన్లు నడుస్తోందనుకోండి, ఒక రన్‌కు నాలుగు రోజులు, అంటే 96 గంటలు. 96ని 48తో గుణిస్తే 4,608. పన్నెండు రన్‌లకు 55,296. మధ్యలో ఆగిపోయేవి, మళ్లీ నడపాల్సినవి ఉంటాయి కాబట్టి ఇంకో 20 శాతం వేసుకుంటే సుమారు 66,000. ఈ లెక్క అంకెలతో సహా ప్రపోజల్‌లో పెట్టండి. పరిశీలించే వాళ్లు ముందుగా వెతికేది ఇదే.

ఆ 25 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందని కూడా అడుగుతారు. దానికి స్కేలింగ్ టెస్ట్ కావాలి, అంటే నోడ్లు పెంచేకొద్దీ వేగం ఎంత పెరుగుతుందో నడిపి చూడటం. ఒక నోడ్ మీద 25 వచ్చింది, రెండు నోడ్ల మీద 50 రావాలి కానీ 42 వచ్చింది, నాలుగు నోడ్ల మీద 100కి బదులు 60 మాత్రమే వచ్చింది అనుకుందాం. రెండు నోడ్ల దగ్గర సామర్థ్యం 84 శాతం, నాలుగు దగ్గరకొచ్చేసరికి 60కి పడిపోయింది, కాబట్టి మీరు అడగాల్సింది ఒక నోడ్ లేదా రెండు, నాలుగు కాదు. ప్రోగ్రామ్‌లో 5 శాతం పని వరసగా తప్ప నడవనిదైతే ఎన్ని వేల కోర్లు ఇచ్చినా వేగం 20 రెట్లు దాటదని ఆమ్‌డాల్ సూత్రం చెబుతుంది, దానికి తోడు నోడ్ల మధ్య మాట్లాడుకోవడానికి పట్టే సమయం ఉండనే ఉంది. ఈ టెస్ట్ చేయడానికే మీకు యంత్రం లేదంటారా, ట్రయల్ ఖాతా ఇస్తారేమో ఆ కేంద్రం సపోర్ట్ ఈమెయిల్‌కు రాసి అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు. అదీ కుదరకపోతే మీ ల్యాబ్ వర్క్‌స్టేషన్‌లో 8, 16 కోర్ల మీద నడిపిన అంకెలైనా పెట్టండి, ఏమీ లేకపోవడం కన్నా వంద రెట్లు నయం.

స్టోరేజీ కూడా రాయాలి. పైన చెప్పిన సిస్టమ్‌లో లక్ష పరమాణువులుండి, ప్రతి 10 పికోసెకన్లకు ఒక ఫ్రేమ్ దాచుకుంటే ఒక్కో రన్‌కు సుమారు 4 జీబీ, మొత్తం 48 జీబీ. కాలేజీ నెట్ 20 ఎంబీపీఎస్ వస్తే దాన్ని దించుకోవడానికి ఐదు గంటల పైన పడుతుంది. మధ్యలో కరెంట్ పోతే మళ్లీ మొదటి నుంచి దించుకునే పని లేకుండా, ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రామ్ ఆర్‌సింక్‌ను --partial ఆప్షన్‌తో వాడండి.

రోగుల డేటా మీద పనిచేసేవాళ్లు, ముఖ్యంగా మెడికల్ కాలేజీల నుంచి పెట్టేవాళ్లు, ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తెచ్చుకోండి, పేర్లు, ఓపీ నంబర్లు తీసేసిన ఫైళ్లే పైకి ఎక్కించండి. ఇందులో సర్దుబాటు లేదు.

ఆమోదం వచ్చాక ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత పద్ధతి ద్వారా దూరం నుంచే లాగిన్ అవుతారు. కొన్ని చోట్ల సంస్థ స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రస్) నుంచి మాత్రమే లోపలికి రానిస్తారు, మీ కాలేజీ నెట్‌వర్క్ చూసే ఆయన్ని ముందే అడిగి ఆ నంబరు రాసి పెట్టుకోండి. లోపలికి వెళ్లగానే మీరుండేది లాగిన్ నోడ్ మీద, అక్కడ రన్‌లు పెట్టకూడదు, అందరూ అదే వాడుతుంటారు. జాబ్ స్క్రిప్ట్ (ఏం నడపాలో, ఎన్ని కోర్లు, ఎంత సమయం కావాలో చెప్పే ఫైల్) రాసి, పనులను నోడ్లకు పంచే స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే అది క్యూలో పెట్టి, ఖాళీ దొరికినప్పుడు నడుపుతుంది. మొదటిసారి జాబ్ రెండు రోజులు పెండింగ్‌లో ఉంటే టెన్షన్ పడకండి, అది మామూలే. నిజంగా పట్టే సమయం కన్నా చాలా ఎక్కువ అడిగితే క్యూలో ఇంకా వెనక్కి వెళ్తారు. ఒక్కో జాబ్‌కు గరిష్ఠ సమయం ఉంటుంది కాబట్టి చెక్‌పాయింట్ (మధ్యలో దాచుకున్న స్థితి) నుంచి మళ్లీ మొదలయ్యేలా రాయండి, గ్రోమాక్స్ అయితే అదే ప్రతి 15 నిమిషాలకు ఒకటి రాసుకుంటుంది.

రన్‌ల ఫైళ్లు తాత్కాలికంగా ఉండే స్క్రాచ్ డైరెక్టరీకి సాధారణంగా బ్యాకప్ ఉండదు, పాత ఫైళ్లను గడువు దాటాక తుడిచేస్తారు. నాలుగు రోజుల రన్ ఫలితం అలా పోతే చాలా బాధగా ఉంటుంది, ప్రతి వారం ఒక రోజు పెట్టుకుని దించుకోండి. పేపర్ రాసేటప్పుడు ఆ కేంద్రం చెప్పిన కృతజ్ఞతా వాక్యం మాట మారకుండా పెట్టండి, ఖాతా రెన్యువల్ అడిగినప్పుడు ఆ పేపర్ల జాబితా, వాడిన గంటల లెక్క అడుగుతారు. గడువు ముగియడానికి నెల ముందే రెన్యువల్ ఫారం మీద గైడ్ సంతకం తీసుకోండి.