ర్యామ్ ఖాళీగా ఉన్నా ట్యాబ్‌లు రీలోడ్ అవుతున్నాయా? బ్రౌజర్‌ని ర్యామ్ వాడుకోనివ్వండి

మొన్న కౌన్సెలింగ్ టైంలో మా మేనకోడలు వెబ్ ఆప్షన్స్ పెట్టుకుంటానని నా లాప్‌టాప్ ముందు కూర్చుంది. నోట్‌బుక్‌లో కాలేజీ కోడ్‌లు వరసగా రాసుకుని వచ్చింది, డెబ్బై దాకా ఎక్కించింది, మధ్యలో ఒక కాలేజీ ఫీజు ఎంతో చూద్దామని వేరే ట్యాబ్‌లోకి, అక్కణ్ణుంచి మ్యాప్‌లోకి, అక్కణ్ణుంచి సీనియర్లు పెట్టిన వీడియోల్లోకి వెళ్లి చాలాసేపటికి వెనక్కొస్తే పేజీ తెల్లగా అయిపోయి, గిర్రున తిరిగి, మొదట్నుంచి లోడ్ అయింది. సేవ్ కొట్టలేదు. "మామయ్యా, అన్నీ పోయాయి" అంది, కళ్లల్లో నీళ్లు. సైట్ లాగౌట్ చేసిందేమో అనుకున్నా, లాగిన్ అలాగే ఉంది. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే 16 జీబీలో దాదాపు 7 జీబీ ఖాళీ.

అంటే ర్యామ్ చాలక కాదు, బ్రౌజర్ పొదుపు చేస్తోంది. కాసేపు చూడని ట్యాబ్‌ని మెమరీలోంచి దించేసి, మనం మళ్లీ నొక్కినప్పుడు నెట్‌లోంచి కొత్తగా తెచ్చుకుంటుంది. 4 జీబీ మెషీన్‌కి ఇది మంచిదే, కానీ డబ్బులు పెట్టి 16 జీబీ వేయించుకున్నవాళ్లకి ఆ ర్యామ్ ఊరికే పడి ఉండటం ఎందుకు చెప్పండి.

ముందు ఒక్క సంగతి చూసుకోండి, మీ బ్రౌజర్ 64 బిట్‌దేనా కాదా. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి హెల్ప్‌లో అబౌట్‌లోకి వెళ్తే వెర్షన్ నంబర్ పక్కనే ఉంటుంది. 32 బిట్ ప్రోగ్రామ్ ఒక్కో ప్రాసెస్ ఎంత లాగినా 4 జీబీ దాటలేదు, అదే 32 బిట్ విండోస్ అయితే మొత్తం మెషీన్‌కే 4 జీబీ హద్దు, మీరు 8 వేయించినా దానికి కనపడదు. పాత కంప్యూటర్ నుంచి ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని వేసుకున్నవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. 32 అని ఉంటే తీసేసి 64 వేసుకోండి, అప్పటిదాకా కింద చెప్పేవి చేసినా పెద్దగా తేడా రాదు.

ఇక అసలు సెట్టింగ్. క్రోమ్‌లో సెట్టింగ్స్, అందులో పర్ఫార్మెన్స్, అక్కడ మెమరీ సేవర్ అని ఉంటుంది, ఇది 2022 చివర్లో వచ్చింది. దాన్ని ఆఫ్ చేయండి. పూర్తిగా ఆఫ్ చేయడం ఇష్టం లేకపోతే అక్కడే కింద ఎప్పుడూ యాక్టివ్‌గా ఉంచాల్సిన సైట్ల లిస్ట్ ఉంటుంది, యాడ్ కొట్టి మీకు ముఖ్యమైన సైట్ అడ్రస్ ఇవ్వండి, ఆ సైట్‌ని పొదుపు కోసం దించదు. నా సలహా అయితే 8 జీబీ ఉన్నవాళ్లు లిస్ట్ వాడండి, 16 ఉన్నవాళ్లు మెమరీ సేవర్ తీసేయండి. మామూలుగా పాట మోగుతున్న ట్యాబ్‌ని, డౌన్‌లోడ్ జరుగుతున్న ట్యాబ్‌ని, పిన్ చేసిన ట్యాబ్‌ని క్రోమ్ దించదు, సగం నింపిన ఫారాన్ని కూడా ముట్టుకోకూడదు కానీ ఆ ఒక్కదాని మీద నేను భరోసా పెట్టను. అందుకే ఏ అప్లికేషన్ నింపుతున్నా ముందు ఆ ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి పిన్ కొట్టండి, రెండు సెకన్ల పని.

మెమరీ సేవర్ ఆఫ్‌లో ఉన్నా సిస్టమ్ మొత్తం మీద ర్యామ్ నిండిపోతే క్రోమ్ ట్యాబ్‌లు దించడం మొదలుపెడుతుంది. దానికి ఇంకో చోటు ఉంది, అడ్రస్ బార్‌లో ఇంగ్లీషులో క్రోమ్ అని కొట్టి, కోలన్, రెండు స్లాష్‌లు, తర్వాత డిస్కార్డ్స్ అని టైప్ చేస్తే తెరిచిన ట్యాబ్‌లన్నీ ఒక పట్టికలా వస్తాయి. ఆటో డిస్కార్డబుల్ అనే కాలమ్‌లో మీ ట్యాబ్‌కి ఎదురుగా టాగుల్ నొక్కితే దాన్ని తనంతట తను తీసేయదు. ట్యాబ్ మూసేస్తే ఈ సెట్టింగూ పోతుంది, మళ్లీ పెట్టుకోవాల్సిందే.

ఎడ్జ్ వాడేవాళ్లకి ఇదే పని స్లీపింగ్ ట్యాబ్స్ అనే పేరుతో ఉంటుంది, సెట్టింగ్స్‌లో సిస్టమ్ అండ్ పర్ఫార్మెన్స్‌లో చూడండి. ఆఫ్ చేయొచ్చు, టైం పెంచుకోవచ్చు, సైట్లని మినహాయించొచ్చు. ర్యామ్‌కి లిమిట్ పెట్టే ఆప్షన్ ఎప్పుడైనా ఆన్ చేసి మర్చిపోయారేమో కూడా చూసుకోండి. ఒపెరా జీఎక్స్ బ్రౌజర్‌లో ర్యామ్ లిమిటర్ కూడా అంతే.

ఫైర్‌ఫాక్స్‌లో ఇంకాస్త లోపలికి వెళ్లొచ్చు, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, కాన్ఫిగ్ కొట్టి, వచ్చే హెచ్చరికకి సరే అనండి. సెర్చ్‌లో అన్‌లోడ్ ఆన్ లో మెమరీ అనే మాటలు ఇంగ్లీషులో స్పేస్ లేకుండా కొడితే ఒక లైన్ వస్తుంది, ట్రూ ఉన్నదాన్ని ఫాల్స్ చేస్తే ర్యామ్ తగ్గినా ట్యాబ్‌లు దించదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ర్యామ్ నిజంగానే అయిపోతే అప్పుడు ఒక్క ట్యాబ్ బదులు మొత్తం బ్రౌజరే పడిపోవచ్చు, అందుకే 8 జీబీ లోపు ఉన్నవాళ్లు దీన్ని కదిలించొద్దు.

క్యాష్ సంగతి కూడా అక్కడే ఉంది. ఫైర్‌ఫాక్స్ తెచ్చుకున్న ఫొటోలు, ఫైళ్లు మళ్లీ తేకుండా డిస్క్‌లో దాస్తుంది, ఆ నిల్వనే క్యాష్ అంటారు. బ్రౌజర్ డాట్ క్యాష్ డాట్ డిస్క్ డాట్ ఎనేబుల్ అనేదాన్ని ఫాల్స్ చేసి, బ్రౌజర్ డాట్ క్యాష్ డాట్ మెమరీ డాట్ కెపాసిటీలో మైనస్ 1 తీసేసి 524288 ఇవ్వండి, అది కేబీల లెక్క, అంటే 512 ఎంబీ. ఇప్పుడు క్యాష్ అంతా ర్యామ్‌లోనే ఉంటుంది. పాత హార్డ్ డిస్క్ ఉన్నవాళ్లకి తేడా బాగా తెలుస్తుంది, ఎస్ఎస్‌డీ ఉంటే పెద్దగా తెలియదు. బ్రౌజర్ మూస్తే క్యాష్ పోతుంది కాబట్టి రోజూ ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేసేవాళ్లు మాత్రం ఇది వద్దు, ప్రతిసారీ అవే ఫొటోలు మళ్లీ దిగి డేటా తినేస్తాయి.

ఇవన్నీ చేశాక కూడా పేజీ క్రాష్ అయి అవుట్ ఆఫ్ మెమరీ అని వస్తుంటే ఇక చూడాల్సింది బ్రౌజర్‌ని కాదు, విండోస్‌ని. ఇది చాలామందికి తట్టదు. బ్రౌజర్ మెమరీ అడిగినప్పుడు విండోస్ ఇస్తానని మాటిస్తుంది, అలా అందరికీ ఇచ్చిన మాటల మొత్తం ర్యామ్, పేజింగ్ ఫైల్ (ర్యామ్‌కి తోడుగా విండోస్ డిస్క్ మీద పెట్టుకునే ఫైల్) రెండూ కలిపినంత దాటకూడదు. మా పక్కింటి అబ్బాయి సిస్టమ్‌లో రోజూ ఇదే గొడవ. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, మెమరీ నొక్కి కింద కమిటెడ్ అన్నచోట చూస్తే 7.6 బై 7.8 అని ఉంది, పైన గ్రాఫ్‌లో మాత్రం ఇంకా 2 జీబీ ఖాళీ చూపిస్తోంది. ఎస్ఎస్‌డీ పాడవుతుందని ఎవరో చెబితే పేజింగ్ ఫైల్ తీసేశాడట. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, ఎస్ వై ఎస్ డీ ఎం, డాట్, సీ పీ ఎల్ అని ఇంగ్లీషులో కొట్టి, అడ్వాన్స్‌డ్, పర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, మళ్లీ అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ దగ్గర చేంజ్, అక్కడ ఆటోమేటిగ్గా మేనేజ్ చేయమనే టిక్ పెట్టి రీస్టార్ట్ చేశాం. క్రాష్‌లు ఆగిపోయాయి. సీ డ్రైవ్‌లో ఒక 10 జీబీ అయినా ఖాళీ ఉండేలా చూసుకోండి, లేకపోతే ఆ ఫైల్ పెరగడానికి చోటుండదు.

క్రోమ్ షార్ట్‌కట్ చివర ఫ్లాగ్ (అదనపు ఆదేశం) రాసి జావాస్క్రిప్ట్, అంటే వెబ్ పేజీలో నడిచే కోడ్, వాడే మెమరీని 8 జీబీ చేయొచ్చని కొన్ని వీడియోల్లో చెబుతుంటారు, దాని జోలికి పోవద్దు. 2020 నుంచి క్రోమ్ మెమరీ అడ్రస్‌లని కుదించి దాచుకుంటోంది, దానివల్ల ఒక్కో పేజీ జావాస్క్రిప్ట్ హీప్‌కి, అంటే ఆ కోడ్ వాడుకునే మెమరీకి, 4 జీబీయే హద్దు, మీరు ఎంత నంబర్ రాసినా అది దాటదు. లక్షల వరసలున్న షీట్ తెరిస్తే క్రాష్ అవుతోందంటే షీట్‌ని ముక్కలు చేసుకోవడమే దారి.

ఇచ్చిన ర్యామ్ ఎవరు తింటున్నారో కూడా ఒకసారి చూడండి, క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్, కోలన్, ప్రాసెసెస్. నా దాంట్లో ఎప్పుడో వేసి మర్చిపోయిన కూపన్ ఎక్స్‌టెన్షన్ ఒకటి 400 ఎంబీ పట్టుకుని కూర్చుంది. తీసేశా.

మేనకోడలి ఆప్షన్స్ ఆ రాత్రే మళ్లీ కూర్చుని పెట్టాం, నోట్‌బుక్ ఉంది కాబట్టి బతికిపోయాం. మెమరీ సేవర్ తీసేసి, ట్యాబ్ పిన్ చేసి, ఈసారి ప్రతి పది ఆప్షన్లకీ సేవ్ కొట్టించా, మధ్యలో భోజనానికి లేచి గంట తర్వాత వచ్చి చూస్తే పేజీ మేం వదిలిన చోటే ఉంది.